పట్టణ చరిత్ర మ్యూజియానికి జనం మళ్లీ మళ్లీ రావాలంటే ఏ కార్యక్రమాలు పెట్టాలి?

ప్రశ్న అడిగినవారి ఊళ్లో మునిసిపాలిటీ పాత భవనంలో పట్టణ చరిత్ర మ్యూజియం తెరవబోతున్నారట. ప్రారంభోత్సవం అయిపోయాక కూడా జనం వస్తూ ఉండాలంటే ఎలాంటి కార్యక్రమాలు జరపాలో అనుభవం ఉన్నవారు చెప్పమన్నారు. నేను విజయనగరంలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మ్యూజియం నడిపిన అనుభవం నాకు లేదు. అయితే ఒక చిన్న ప్రదర్శనలో వారం రోజులు పనిచేశాను, అందులో మూడో రోజు మధ్యాహ్నం చూసిన ఒక గంటతో ఈ విషయంలో నాకు ఏ సందేహమూ మిగలలేదు. ఊరి మ్యూజియంలో మాట్లాడవలసినవాళ్లు ఊరివాళ్లే. పండితులు, అధికారులు, మాలాంటి మాస్టార్లు ఎదురుగా కూర్చుని వినాలి, రాసుకోవాలి.

ఏటా నవంబరు 19 నుంచి 25 వరకు జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవాల సందర్భంగా, కొన్నేళ్ల క్రితం మా పట్టణంలోని ఒక హాలులో విద్యార్థుల చేత పాత వస్తువుల ప్రదర్శన పెట్టించాం. పిల్లలు ఇళ్లలో అటకల మీద వెతికి గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం తెచ్చారు. మరచెంబులు, గంధపు సానలు, లాంతర్లు, తాటాకు కట్టలు కూడా వచ్చాయి. ఒక్కొక్క వస్తువు కింద పెట్టే అట్టముక్క మీద వివరం రాసే పని నాది.

వాటిలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. పాత ఇనప సామాన్ల కొట్టులో తూకానికి పోబోతుంటే ఒక విద్యార్థి డబ్బులిచ్చి తెచ్చాడు. అది రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. పై అంచు దగ్గర తాడు దూర్చే చిల్లు, ఒకవైపు గుద్ది వేసిన నాలుగంకెలు ఉన్నాయి. చిల్లు మాత్రం ఒక పక్కకు బాగా అరిగి కోలగా సాగిపోయింది. నేను రెండు పుస్తకాలు తిరగేసి, అది ఏ రాజుల కాలం నాటిదో తేలక, “ఇత్తడి నాణెం, కాలం తెలియదు” అని రాసి గాజు పెట్టెలో పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం, మనవరాలిని ఇంటికి తీసుకువెళ్లడానికి వచ్చిన ఒక పెద్దావిడ, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వరుసగా అన్నీ చూస్తూ వచ్చింది. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. చదువు రాదు కనుక మనవరాలు ఒక్కొక్క అట్టముక్కా చదివి వినిపిస్తోంది. ఇత్తడి బిళ్ళ దగ్గర “నాణెం” అన్న మాట వినగానే ఆమె ఆగిపోయి, వంగి గాజుకు దగ్గరగా ముఖం పెట్టి చూసింది.

“నాణెమని ఎవులు రాసినారు బాబూ? ఇది మిల్లు బిళ్ళ. మా మావకీ ఉండీది.”

నేను పెట్టె తెరిచి బిళ్ళను ఆమె చేతిలో పెట్టాను. ఆమె అంకెల వైపు చూడనే లేదు. బొటనవేలు నేరుగా అరిగిన చిల్లు మీదికి పోయింది. “మొలతాడుకి కట్టుకుంటే ఇలగే అరిగిపోద్ది” అంది. అది అరిగి ఉందని నాకూ తెలుసు. నాలుగు రోజులుగా కళ్లతో చూస్తూనే ఉన్నాను. ఎందుకు అరిగిందన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆమె వేలికి మాత్రం జవాబు ముందే తెలుసు.

అక్కడి నుంచి ఆమె చెప్పుకుంటూ పోయింది. గేటు దగ్గర బిళ్ళ చూపిస్తేనే భర్తను లోపలికి రానిచ్చేవారని, అది పోతే కొత్తదానికి జీతంలో కోసేవారని, అందుకే స్నానానికి దిగినా మొలతాడు నుంచి తీసేవాడు కాదని చెప్పింది. మిల్లు సైరన్ వినపడితేనే తాను పొయ్యి అంటించేదట. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం ప్రాంతాల్లో జూటు మిల్లులు ఉన్నాయని మా పిల్లలు పాఠంలో చదువుకున్నారు. కానీ ఆ మిల్లులకు వెళ్లే గోగునార ఎలా వస్తుందో వాళ్లెవరికీ తెలియదు. కోసిన గోగు కట్టలను చెరువులో రాళ్ల బరువు పెట్టి ఊరవేయడం, పదిహేను ఇరవై రోజులకు నడుము లోతు నీళ్లలో దిగి నార ఒలవడం, ఆ కుళ్లు వాసన జుట్టుకు పట్టి వారం దాకా వదలకపోవడం ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే, పదో తరగతి పిల్లలు నోట్లో మాట లేకుండా విన్నారు.

తర్వాత ఒకసారి మిల్లు గేటుకు తాళం వేశారట. నెలల తరబడి పని లేదు. “పని నేకపోయినా రోజూ పొద్దున్నే చింతపండేసి బిళ్ళ తోమీవోడు బాబూ. తలుపులు తీసినారంటే మురికి బిళ్ళతో ఎల్లకూడదని.” ఈ మాట చెప్పి ఆమె బిళ్ళను చీర కొంగుతో తుడిచింది.

అప్పటికి మా చుట్టూ పాతికమంది చేరారు. ఒకాయన తన తండ్రి ఏ షిఫ్టులో పనిచేసేవాడో చెప్పాడు. ఇంకొకాయన మిల్లు దుమ్ముతో తన పెదనాన్నకు పట్టుకున్న దగ్గు గురించి చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కొలపాత్రలు చేతుల్లోకి తీసుకుని, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పిల్లలకు పప్పు పోసి కొలిచి చూపించడం మొదలుపెట్టారు. మేము ఏ కార్యక్రమమూ ప్రకటించలేదు. గాజు పెట్టె మూత తీశాం, అంతే. ఆ సాయంత్రం ఒక విద్యార్థిని నా అట్టముక్క తీసేసి పెన్సిలుతో కొత్తది రాసింది: “జూటు మిల్లు కార్మికుడి బిళ్ళ. మొలతాడుకు కట్టుకోవడం వల్ల చిల్లు అరిగింది.” దాని కింద చెప్పినవారి పేరు రాసింది. నేను ముప్పై ఏళ్లలో రాసిన ఏ నోట్సు కంటే ఆ రెండు వాక్యాల్లో ఎక్కువ చరిత్ర ఉందని నా నమ్మకం.

ఇక ముగింపు సభ సంగతి. దాన్ని నిర్వహించింది వేరే సంస్థ. ఆ పెద్దావిడను, కొలతలు చూపించిన ఇద్దరినీ మాట్లాడటానికి పిలవమని మేము ముందుగానే కోరాం, వారు సరేనన్నారు. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద ఉన్న పదకొండు మంది ప్రసంగాలు సాగాయి. పెద్దావిడ వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చీకటి పడ్డాక ఆఖరి బస్సు వెళ్లిపోతుందని లేచి వెళ్లిపోయింది. మైకు ఆమె దాకా రానే లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. మీ మ్యూజియంలో వేదిక కట్టకండి. ముఖ్య అతిథిని తప్పనిసరిగా పిలవవలసి వస్తే అందరితో పాటు చాప మీద కూర్చోబెట్టి, ఆయన చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి.

మా జిల్లాలో చరిత్ర అనగానే సభలన్నీ రాజుల చుట్టూనే తిరుగుతాయి. 1713లో కోట, 1757లో బొబ్బిలి యుద్ధం, 1794లో పద్మనాభ యుద్ధం. ఇవి పిల్లలకు తెలియాలి, నేనూ బోధించాను. అయితే ఏటా అవే తేదీలు, అదే ఉపన్యాసం అయితే విన్నవాడు మళ్లీ ఎందుకు వస్తాడు? ఒక పెద్ద కథను రాత్రంతా జనం కదలకుండా వినేలా చెప్పే విద్య మా ఊళ్లోనే ఉంది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. చిడతలు, గజ్జెలతో నిలబడి హరికథ చెప్పిన మనిషి నడయాడిన పట్టణంలో, చరిత్ర సభలు పెట్టేవాళ్లు ఇంకా ఉపన్యాసకుణ్ణి పిలిచి కాగితం చూసి చదివిస్తున్నారంటే నాకు అర్థం కాదు. పద్మనాభ యుద్ధాన్ని ఒక హరిదాసు చేత చెప్పించండి, హాలు చాలదు.

తేదీల విషయంలో నా సలహా ఏమిటంటే, ఊరి పంచాంగాన్ని పట్టుకుని నడవాలి. మాకు విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ వారి సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటారు, ఆ సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఆ ఒక్క రోజున జనం లక్షల్లో వస్తారు. ఉత్సవానికి రెండు వారాల ముందు, ఆ మానును చెక్కి సిద్ధం చేసే వడ్రంగులను, వల పట్టుకుని నడిచే బెస్త కుటుంబాలను మ్యూజియానికి పిలిచి, వారి పనిముట్లతో వారి చేతనే చెప్పించాలి. సిరిమానుకు ముందు రోజైన తొలేళ్ల నాడు అమ్మవారి గుడి దగ్గర విత్తనాలు అందుకునే రైతు, అవి తన పొలంలో ఎలా చల్లుతాడో చెప్పాలి. మీ ఊరికి మీ జాతర ఉంటుంది. దానికి ముందు వారాలను మాత్రం వదులుకోకండి.

ఊరివాళ్లతో చెప్పించడం పెద్ద మ్యూజియాలకు నప్పదని ఎవరైనా అంటే కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం గురించి చెప్పండి. 1966లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను తెల్లవారికి మాత్రమే అని ప్రకటించి, తర్వాతి ఏళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి ఇళ్లు కూల్చేసింది. 1994లో ఒక పాత చర్చి భవనంలో మ్యూజియం తెరిచి, నేల మీద ఆ పేట పటం పరిచారు. అక్కడ ఒకప్పుడు ఉన్నవాళ్లు వచ్చి, తమ ఇల్లు ఎక్కడో, కొట్టు ఎక్కడో ఆ పటం మీద తమ చేత్తో రాశారు. పొడవాటి గుడ్డ మీద రాసిన జ్ఞాపకాలను దారంతో కుట్టి దాచారు. మా ఊళ్లో కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, అయ్యకోనేరు గట్టు గుర్తుపెట్టి అలాంటి పటం ఒకటి పరిస్తే, అమ్మమ్మలు ముగ్గుపిండి తీసుకుని తమ వీధులు తామే గీస్తారని నేను గట్టిగా చెప్పగలను.

విశాఖలో సముద్రం ఒడ్డున పాత డచ్చి బంగళాలో 1991లో తెరిచిన మ్యూజియం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ వాళ్లు వేసిన బాంబు ఒకటి అక్కడ ఉంచారు. పిల్లలు దాని ముందు ఫొటో దిగుతారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాక మా అమ్మమ్మ ఇంటికి బంధువులు బండి కట్టుకుని వచ్చి నెలల పాటు ఉండిపోయారని చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను. అలా ఊరు విడిచివెళ్లిన కుటుంబాల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఉన్నారు. ఏటా ఏప్రిల్ 6న వారిని ఆ బాంబు చుట్టూ కూర్చోబెడితే చాలు.

చివరగా కొన్ని పనులు మాత్రం ఖచ్చితంగా చేయండి. ఆదివారాలు, పండగ సెలవులు తెరిచి ఉంచండి, ఎందుకంటే పనికి వెళ్లేవాళ్లకు దొరికే తీరిక ఆ రోజుల్లోనే. వస్తువు తెచ్చినవారికి “తీసేసుకుంటారేమో” అన్న భయం ఉంటుంది కనుక, ఫొటో తీసి, కొలతలు రాసుకుని, వారి ఎదుటే తిరిగి చేతిలో పెట్టండి. చెప్పిన మాటను వారి యాసలోనే, మార్చకుండా రిజిస్టరులో రాయండి. “ఉండీది” అన్నదాన్ని “ఉండేది” అని దిద్దితే, చదివి వినిపించినప్పుడు అది తన మాటని ఆమె గుర్తుపట్టదు.

ప్రదర్శన ముగిశాక ఆ బిళ్ళను పెద్దావిడకు ఇద్దామని మనవరాలి ద్వారా కబురు చేసి, నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె మనవరాలి చేత అంకెలు చదివించుకుని, తల అడ్డంగా తిప్పింది. “ఇది మాది కాదు బాబూ. మా మావ నంబరు నాకు తెల్దా? ఈ నంబరోల్లు ఎక్కడో ఉంటారు, ఆల్లకియ్యండి.” బిళ్ళ ఇప్పటికీ కాగితపు కవరులో నా దగ్గరే ఉంది. మా పట్టణంలో మ్యూజియం తెరిచిన రోజున మొదటి కార్యక్రమంగా, మిల్లు కుటుంబాలన్నింటినీ పిలిచి, ఆ నాలుగంకెలను పైకి చదవాలని నా కోరిక.