రాజీనామా పంపకముందు చదువు

చి. అమ్మణ్ణికి,

చిన్నాయన ఆశీస్సులు.

చెన్నైలో ఉద్యోగం మానేసి, నెల్లూరు మూలాపేట ఇంటికొచ్చి రాసుకుంటూ బతుకుతానన్నావంట. మీ నాయన ఫోన్ చేసి, "ఈ రాతల పిచ్చి దానికి అంటించింది నువ్వే, నువ్వే చెప్పు" అని పెట్టేశాడు. మీ అమ్మేమో ఈసారి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టాలా, ఆరోగ్య రొట్టె పట్టాలా అని తేల్చుకోలేకుండా ఉంది. రెండూ పట్టమన్నాను. నువ్వు రాయగలవా అన్న అనుమానం నాకు లేదు. నీ కథలు నలుగురికీ చూపించుకున్నవాణ్ణి. నా భయమంతా ఒక్కటే. డబ్బులు రాని నెలలో ఎవరికీ చెప్పకుండా ఇన్సులిన్ యూనిట్లు తగ్గించుకుంటావేమోనని.

తేలిగ్గా తెమిలేవి ముందు చెప్తాను. రిలీవింగ్ లెటరు, జీతంలో కోసిన పన్నుకు సర్టిఫికెట్, చివరి పే స్లిప్పులు తీసుకో. పీఎఫ్ డబ్బు కదిలించొద్దు. పెన్షన్ సర్వీసు పదేళ్లు నిండలేదు కాబట్టి ఆ సొమ్ము వెనక్కి తీసుకోకుండా ఫారం 10సీ పెట్టి స్కీమ్ సర్టిఫికెట్ తీసుకో. మళ్లీ యాడన్నా చేరితే పాత ఏళ్లు కలుస్తాయి.

ఇన్సూరెన్సు మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. కంపెనీ గ్రూపు పాలసీలో నీ షుగరు మొదటి రోజు నుంచే కవరవుతూ ఉంటుంది. ఉద్యోగం మానిన రోజున అది పోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమంటారు. నీది టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగరు, అని తెలిస్తే కొన్ని కంపెనీలు ప్రీమియం పెంచుతాయి, కొన్ని అసలు ఇవ్వవు. అందుకని ఉద్యోగంలో ఉండగానే అదే ఇన్సూరెన్సు కంపెనీలో గ్రూపు నుంచి సొంత పాలసీకి మారతానని అర్జీ పెట్టు. అక్కడ గడిచిన కాలం వెయిటింగులో కలుస్తుంది. వాళ్లు ఒప్పుకుంటారా లేదా అన్నది వాళ్ల పరిశీలనను బట్టి. కాబట్టి జవాబు కాగితం మీద వచ్చిందాకా రాజీనామా మాట ఎత్తొద్దు. ఫారంలో మధుమేహం ఉందా అన్న గడిలో 'లేదు' అని పెట్టమని ఏజెంటు సలహా ఇస్తే, ఆ ఏజెంటును వదిలెయ్. ఒకసారి ఆస్పత్రిలో చేరితే పాత ప్రిస్క్రిప్షన్లన్నీ బయటికొస్తాయి, క్లెయిము పోతుంది, పాలసీ కూడా పోతుంది.

ఇంక నిన్ను తిట్టాల్సింది ఒకటుంది. డిగ్రీ రెండో ఏడు హాస్టల్లో జ్వరమొచ్చినప్పుడు నువ్వు చేసిన పని. అన్నం సయించడం లేదు, తిననప్పుడు ఇన్సులిన్ సూది ఎందుకనుకున్నావు. నువ్వే కాదు, చదువుకున్నవాళ్లు చాలామంది అట్లానే అనుకుంటారు. కానీ జ్వరంలో జరిగేది దానికి తలకిందులు. ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ పెరుగుతాయి. నువ్వు ముద్ద ముట్టకపోయినా కాలేయం తన దగ్గరున్న చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని కణాల్లోకి పంపేందుకు ఇన్సులిన్ లేకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పుట్టి రక్తం ఆమ్లమవుతుంది. కడుపు నొప్పి, వాంతులు, లోతుగా ఎగశ్వాస, నోట్లో మాగిన పండు వాసన. నీ గదిలో పిలకాయలు దాన్ని గ్యాస్ అనుకొని సోడా తాగించారు. వాళ్లనేం అంటాం? నీకు షుగరున్న సంగతే వాళ్లకు తెలియదు. ఇన్సులిన్ పెన్ను దుప్పటి కింద పెట్టుకొని బాత్‌రూంలో పొడుచుకునేదానివి. మీ నాయన పినాకిని రైల్లో నిలబడి చెన్నై చేరేసరికి నువ్వు ఐసీయూలో ఉన్నావు. ఆ మనిషి ఆనాటి నుంచి నీ ఫోను రెండుసార్లు మోగినా ఎత్తకపోతే చెప్పులు వెతుక్కుంటాడు.

కాబట్టి ఇది రాసుకొని ఫ్రిజ్ తలుపుకు అంటించు. జ్వరమైనా విరేచనాలైనా రోజంతా పనిచేసే గ్లార్జిన్ సూది ఆపకూడదు. భోజనం ముందు వేసుకునే సూది ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే డాక్టరు చేత కాగితం మీద రాయించుకో, జ్వరంలో లెక్కలు తెగవు. మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా, షుగరు చూసుకో. 250 దాటితే మూత్రంలో కీటోన్ స్ట్రిప్ ముంచు. ఆ డబ్బా మూత తీసినాక ఎక్కువ కాలం నిలవదు, తీసిన తేదీ దానిమీద రాయి. గంటకో గ్లాసు నీళ్లు తాగు. తినలేకపోతే గంజో, కొబ్బరినీళ్లో తాగి దానికి తగ్గ సూది వేసుకో. వాంతి ఆగకపోయినా, తాగింది నిలవకపోయినా, కీటోన్ రంగు మధ్యస్థానికి చేరినా ఇంట్లో కూర్చోవద్దు. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే "టైప్ 1, కీటోన్లు ఉన్నాయి" అని చెప్పు. చీటీ తర్వాత రాస్తారు. నీకు నోరు రాకపోతే చెప్పేందుకు మీ అమ్మకు ఈ రెండు మాటలూ నేర్పు. ఆమె నేర్చుకుంటుంది. ఆమెను భయపెట్టడం ఎందుకని నువ్వే నేర్పవు.

మందుల ఖర్చు జీతం ఆగకముందే లెక్క కట్టుకో. రోజుకు 40 యూనిట్లంటే నెలకు 1,200. పెన్నులో పెట్టే కార్ట్రిడ్జిలో 300 ఉంటాయి కాబట్టి నాలుగు చాలనుకుంటావు. సూది వేసుకునే ప్రతిసారీ గాలి పోయేందుకు 2 యూనిట్లు వదలాలి కదా, రోజుకు నాలుగు సూదులకు 8, నెలకు 240. అంటే ఐదు కావాలి. దాంతోపాటు రోజుకు నాలుగు స్ట్రిప్పులు, నీడిళ్లు, మూడు నెలలకోసారి సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసి చేసే రెటీనా పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్. ఇదంతా ఏడాదికి ఎంతవుతుందో కూడి, ఆ సొమ్ము వేరే బ్యాంకు ఖాతాలో వేసినాకనే ఉద్యోగం వదులు. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు. అది సగానికి వస్తే నాకు ఫోను చెయ్, నిన్ను కారణం అడగను.

చెన్నై ఏసీ గది నుంచి నెల్లూరు రోహిణి కార్తెలోకి వస్తున్నావు. తెరవని కార్ట్రిడ్జిలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, నడిమి అరలో ఉండాలి. ఫ్రీజర్ పక్కన పెట్టి గడ్డకడితే, కరిగినాక చూసేందుకు బాగానే ఉన్నా పనిచేయదు, పారెయ్. వాడుతున్న పెన్ను 28 రోజులు బయట ఉండొచ్చంటారు, కానీ ఆ మాట 30 డిగ్రీల లోపు గదికి. మే నెలలో మన ఇళ్లలో ఆ చల్లదనం యాడుంటుంది? స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచు. బండి డిక్కీలో అయిదు నిమిషాలు కూడా వద్దు. కారణం లేకుండా షుగరు రెండు రోజులు పైనే ఉంటే డోసు పెంచేముందు కార్ట్రిడ్జి మార్చి చూడు.

పెన్ను పాడైతే సిరంజితో కార్ట్రిడ్జిలోంచి లాగేస్తారు కొంతమంది, ప్రాణాల మీదికొస్తుంది. సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. కార్ట్రిడ్జిలోది 100 యూనిట్లది. ఆ ఎర్ర మూత సిరంజిలో 10 యూనిట్ల గీత వరకు లాగితే లోపలికి పోయేది 25 యూనిట్లు. రెండో పెన్ను కొని పెట్టుకో, అంతే.

ఊరొచ్చాక వైద్యం చెప్పేవాళ్లకు కొదవుండదు. కాకర రసం, మెంతులు, తిప్పతీగ. అందరికీ సరేనను, సూది మాత్రం మానొద్దు. నీ క్లోమంలో ఇన్సులిన్ తయారే కావడం లేదు, ఏ ఆకూ దాన్ని తెచ్చి పొయ్యలేదు. మీ అమ్మ వడ్డన ఇంకో గండం. చెన్నై మెస్సులో గిన్నె లెక్క నీకు తెలుసు. ఇక్కడ మొలగొలుకుల అన్నం మీద చేపల పులుసు పోసి కొసరి కొసరి పెడుతుంది. అన్నం 150 గ్రాముల గిన్నె ఒకటి పెట్టుకో, దాంట్లో పిండిపదార్థం 40 గ్రాముల పైచిలుకు. పులుసుకు కాదు, గిన్నెలకు సూది.

రాత్రి రాసేవాళ్లకు ఇంకో సంగతి. సీరియల్ డైలాగులు తెల్లారి షూటింగుకు రాత్రే అడుగుతారు. అర్ధరాత్రి వాక్యం తిరగబడుతుంటే, ఊరికే చిరాకు పుడుతుంటే రచన మీద నెపం పెట్టకు, ముందు మీటరు చూడు. 70 కన్నా తక్కువుంటే గ్లూకోజ్ పొడి 15 గ్రాములు నీళ్లలో కలుపుకొని తాగు, 15 నిమిషాలాగి మళ్లీ చూడు. ఇదే సందని మలై కాజా అందుకోవద్దు, దాంట్లో కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. తర్వాత ఎన్ని తింటావో నాకు తెలుసు. పొడిచేటప్పుడు వేలి కొనమీద కాకుండా పక్కన పొడువు, కొన మీదైతే టైపు చేసేటప్పుడు సలుపుతుంది. పండు తిన్న చేత్తో పొడిస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, కడుక్కో. షుగరు ఎక్కువ తక్కువలవుతున్న వారాల్లో చూపు మసకేస్తే కొత్త కళ్లద్దాలకు పరుగెత్తకు. కంటి కటకం ఉబ్బి తగ్గుతూ ఉంటుంది, షుగరు కుదురుకున్నాక నంబరు తీయించుకో. భుజం పట్టేయడం, వేలు ముడిచి తెరుచుకోకపోవడం, రాత్రిళ్లు అరచేయి తిమ్మిరెక్కడం షుగరున్నవాళ్లలో ఎక్కువ. చేతుల మీద బతికేదానివి, మొదట్లోనే డాక్టరుకు చూపించు.

పని ఇచ్చేవాళ్ల గురించి రెండు ముక్కలు. ఎంత రాయాలి, ఎన్నిసార్లు దిద్దాలి, డబ్బు ఏ తేదీకి, ఇవన్నీ మెయిల్లో ఉండాలి. మూడోవంతు అడ్వాన్సు రాకుండా మొదలుపెట్టొద్దు. బిల్లులో పాన్ నంబరు రాయి, పది శాతం టీడీఎస్ కోస్తే అది ఆదాయపన్ను సైట్లో నీ పాన్ మీద పడిందో లేదో చూసి రిటర్నులో వెనక్కి తెచ్చుకో. నెల ఆదాయంలో సగానికి మించి ఒక్కరి దగ్గర్నుంచే వస్తుంటే ఇంకొకరిని వెతుక్కో. నవల రాయి, తప్పకుండా రాయి, దాని మీద ఇల్లు గడుస్తుందని మాత్రం లెక్క వేసుకోవద్దు. షుగరున్న సంగతి ఎడిటర్లకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. సీరియల్ వాళ్లతో కలిసి గదిలో కూర్చొని రాసేటట్టయితే ఆ గదిలో ఒక్కరికైనా చెప్పు, గ్లూకోజ్ పొడి యాడుందో చూపించు.

పాలసీ జవాబు రాగానే దాన్నీ, మందుల ఖాతా పాసుబుక్కునీ ఫోటో తీసి నాకు పంపు. రెండూ చూసినాక మీ నాయనతో నేను మాట్లాడతాను. రాజీనామా మెయిల్ ఆ తర్వాత.

మీ
చిన్నాయన