బొగ్గు ఉత్పత్తి పెరిగితే సింగరేణి ఊళ్లలో ఉపాధి కూడా పెరుగుతుందా?

పెరగాలనేం లేదు, తగ్గొచ్చు కూడా. అక్కడి బజారు నడిచేది తవ్విన టన్నుల మీద కాదు, పంచిన జీతాల మీద. భూగర్భ గనికి కోల్‌ఫిల్లర్లు (బొగ్గు ఎత్తేవాళ్లు), టింబర్‌మెన్ (పైకప్పు కూలకుండా దన్ను పెట్టేవాళ్లు), ట్రామర్లు (బొగ్గు తొట్లు తోసేవాళ్లు) వందల్లో కావాలి; పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో షావెల్, డంపర్ లాంటి యంత్రాలే ఆ పని కానిచ్చేస్తాయి. పైగా బొగ్గు మీది ఓబీ (ఓవర్‌బర్డెన్) మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లదే.

లెక్క చూడండి. 1990-91లో లక్షకు పైగా కార్మికులు తీసింది 2 కోట్ల టన్నుల లోపే. 2023-24లో దాదాపు 42 వేల మందితో 7 కోట్ల టన్నులు వచ్చాయి. ఆ ఏడాది లాభాల వాటా పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు. దసరా ముందు గోదావరిఖని, కొత్తగూడెంలో బండ్ల షోరూములకు, బంగారం కొట్లకు గిరాకీ తెచ్చేది ఆ మొదటి అంకే.

ఇక బొగ్గు తవ్వినందుకు కంపెనీ కట్టే రాయల్టీ అంతా గని ఉన్న ఊరికే వస్తుందనుకోవడం పొరపాటు. బొగ్గు ధరపై 14 శాతం రాయల్టీ చేరేది రాష్ట్ర ఖజానాకు. గనుల ప్రభావం పడిన ప్రాంతాల కోసం ఉన్న జిల్లా ఖనిజ నిధికి కంపెనీ వేరేగా కట్టాలి. పాత లీజులకైతే అది రాయల్టీలో 30 శాతం.