క్లౌస్టాల్‌లో సీటొచ్చిందా? ముందు చెరువులు చూడండి

"అక్కడ రైల్వే స్టేషన్ కూడా లేదటగా, వీకెండ్ ఏం చేస్తాం?" జర్మనీలోని క్లౌస్టాల్-సెల్లర్‌ఫెల్డ్ యూనివర్సిటీలో అడ్మిషన్ వచ్చిన మనవాళ్లు ముందు అడిగేది ఇదే. రైలు లేని మాట నిజమే, గోస్లార్‌లో దిగి బస్సులో కొండెక్కాలి. దానికి టెన్షన్ ఎందుకు? రాగానే పారిస్‌కి, స్విట్జర్లాండ్‌కి టికెట్లు వెతక్కండి, ముందు ఈ హార్జ్ కొండలు తిరగండి.

నన్నడిగితే చెరువులతో మొదలుపెట్టమంటాను. ఊరి చుట్టూ అడవిలో బోలెడున్నాయి, అన్నీ మనుషులు కట్టినవే. వెండి గనుల్లో ఊరే నీటిని తోడిపోయడానికి పెద్ద పెద్ద చక్రాలు తిరగాలి, అవి తిరగాలంటే ఏడాది పొడవునా నీళ్లుండాలి, అందుకని గట్లు వేసి, తూములు పెట్టి, కొండ నడుము చుట్టూ కాలువలు తవ్వుకుంటూ పోయారు. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేరింది ఈ ఏర్పాటంతా. కాలువ వాలు కంటికి ఆననంత తక్కువ కాబట్టి దాని గట్టు మీద బాట కూడా దాదాపు చదునుగా ఉంటుంది. అమ్మానాన్నలు చూడ్డానికి వస్తే, మోకాళ్ల నొప్పులున్నా సరే, అక్కడ నిదానంగా నడిపించొచ్చు. ఎండాకాలం కొన్నిట్లో ఈత కొడతారు కానీ తాగునీటి చెరువులు కూడా ఉన్నాయి, బోర్డు చూడకుండా దిగొద్దు.

ఊళ్లో 1642 నాటి చెక్క చర్చి తప్పక చూడాలి, జర్మనీలో చెక్క చర్చిల్లో అదే పెద్దది. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోహ్ 1843లో పుట్టింది ఈ ఊళ్లోనే. తర్వాత కలరా మూలం వెతుక్కుంటూ మన కలకత్తా దాకా వచ్చింది కూడా ఆయనే.

ఇక బ్రోకెన్ శిఖరం, 1141 మీటర్లు. పైదాకా ఆవిరి రైలు పోతుంది, బాగుంటుంది, కాకపోతే డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లకీ బస్సులకీ పనికొచ్చే నెలవారీ పాస్) అందులో చెల్లదు, విడిగా కొనాలి, ఖరీదూ ఎక్కువే. స్టూడెంట్స్ అయితే టోర్ఫ్‌హౌస్ అనే చిన్న ఊరి నుంచి నడిచి ఎక్కండి, ఒకవైపు 8 కిలోమీటర్లు. దారిలో ఎండిపోయి నిలబడ్డ స్ప్రూస్ చెట్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2018 నుంచి వరుస కరువులు, ఆపైన బెరడు పురుగు, అడవిని తినేశాయి. పైన ఎప్పుడు మంచు కమ్ముతుందో చెప్పలేం, కింద ఎండ కాస్తున్నా గాలి ఆపే జాకెట్ పట్టుకెళ్లండి.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, బస్సులూ తగ్గిపోతాయి. శనివారమే సరుకులు తెచ్చుకోండి, కొండకి బయల్దేరేముందు తిరుగు బస్సు ఎన్నింటికో చూసుకోండి.