పాఠకుల ప్రశ్నలు: చికాగోలో పోలండు వారి గుడి

ప్రశ్న: చికాగోలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, పెద్ద రహదారిని ఆనుకుని ఉన్న పునీత స్తనిస్లాస్ కోస్త్కా గుడిలో ఆదివారం పూజకు హాజరయ్యాము. పోలండు నుంచి వలస వచ్చినవారు దానిని కట్టుకున్నారని అక్కడి వారు చెప్పారు. ఆ రోజుల్లో లోకమంతటా పూజ లాటిన్‌లోనే జరిగేది కదా. ఊళ్లో కతోలిక గుళ్లు ఉండగా వారికి వేరే గుడి ఎందుకు కావలసి వచ్చింది? కూతవేటు దూరంలోనే మరో పోలిష్ గుడి ఎందుకు ఉంది?
- ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం

జవాబు: పూజ లాటిన్‌లో జరిగేదన్న మీ మాట నిజమే. అయితే ప్రసంగం లాటిన్‌లో ఉండదు, పాపసంకీర్తనం అసలే ఉండదు. మనసులోని తప్పును గురువుల చెవిలో చెప్పుకోవలసి వచ్చినప్పుడు, ఆయనకు మన భాష రాకపోతే ఆ గుడి ఎంత గొప్పదైనా మనది కాదు. 1846లో నేటి ఫ్రాన్సులోని సావోయ్ ప్రాంతపు ఆనెసీ పట్టణం నుంచి విశాఖకు వచ్చిన మిషనరీలు తెలుగుతో కుస్తీ పట్టవలసి వచ్చినదీ ఇందుకే. చికాగోలో అప్పటి కతోలిక గుళ్లు ఎక్కువగా ఐరిష్ వారివి, జర్మన్ వారివి. ఐరిష్ గురువుల ఇంగ్లీషు పోలిష్ వారికి అర్థమయ్యేది కాదు. జర్మన్ కొందరికి అర్థమయ్యేది గాని, చిక్కంతా అక్కడే ఉంది.

1795లో జరిగిన మూడో విభజనతో పోలండు రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాల పాలై పటం మీద నుంచి మాయమైంది. మళ్లీ 1918 దాకా దానికి స్వతంత్ర రాజ్యం లేదు. చికాగోకు మొదట చేరిన వారిలో చాలామంది ప్రష్యా ఏలుబడిలోని ప్రాంతాల వారు. 1870లలో జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ ప్రభుత్వం అక్కడ కతోలిక సభనూ పోలిష్ భాషనూ ఒకేసారి అణచడానికి పూనుకుంది. ఏ భాష తమ బడులలోకి బలవంతంగా చొరబడిందో, సముద్రం దాటి వచ్చాక కూడా ఆ భాషలోనే ప్రసంగం వినడం వారికి ఎలా రుచిస్తుంది? పోలిష్ మాట్లాడటానికీ కతోలికుడిగా బతకడానికీ వారు తేడా చూడకపోవడంలో నాకు వింతేమీ కనిపించదు.

గుడికి ముందు సంఘం పుట్టింది. 1864లో కొద్దిమంది వలసదారులు స్తనిస్లాస్ కోస్త్కా పేరిట ఒక పరస్పర సహాయ సంఘం పెట్టుకున్నారు. ఆ పునీతుడు రోములో పదిహేడేళ్ల వయసులో, 1568లో మరణించిన పోలిష్ యువకుడు. సంఘ స్థాపకులలో పీటర్ కియోల్బాస్సా గురించి ఒక్క మాట చెప్పక తప్పదు: ప్రష్యా ఏలుబడిలోని సైలీషియాలో పుట్టి, టెక్సస్‌లోని పన్నా మరియా అనే తొలి పోలిష్ వలస గ్రామంలో కొన్నాళ్లు ఉండి, చికాగో చేరి, 1891లో నగర కోశాధికారిగా ఎన్నికైన ఈయన, అంతకుముందు ఆ పదవిలో ఉన్నవారు సొంత జేబులో వేసుకునే ప్రభుత్వ నిధుల వడ్డీని ఖజానాకే జమకట్టి 'నిజాయితీ పీటర్' అనిపించుకున్నాడు.

1867లో విచారణ (ఒక గుడి పరిధిలోని స్థానిక కతోలిక సమాజం) ఏర్పడింది. పారిస్‌లో ప్రవాస పోలిష్ వారు 1836లో స్థాపించిన పునరుత్థాన సభ (ఒక సన్యాస సంఘం) గురువులు తర్వాత కొద్ది ఏళ్లలో దాని బాధ్యత చేపట్టారు. 1874లో విచారణ గురువుగా వచ్చిన విన్సెంట్ బర్జిన్‌స్కీ 1863 నాటి పోలిష్ తిరుగుబాటులో పాల్గొని దేశం విడిచిన మనిషి; 1899లో కన్నుమూసేదాకా ఆయన మాటే ఆ పేటలో వేదం. మీరు చూసిన గుడి ఆయన హయాంలోనే, ప్యాట్రిక్ కీలీ అనే వాస్తుశిల్పి నమూనా ప్రకారం 1877 నుంచి 1881 వరకు నిర్మాణం జరుపుకుంది. 1890ల చివరికి విచారణలో దాదాపు 8,000 కుటుంబాలు, అంటే 40,000 మంది, చేరారు. ఆదివారం పై అంతస్తు గుడిలో ఆరు, కింది అంతస్తు గుడిలో ఆరు, మొత్తం పన్నెండు పూజలు జరిగేవి. ఈ ఖర్చుకు వెనుక జమీందారులెవరూ లేరు; కర్మాగారాలలో రోజుకూలీకి పనిచేసిన కుటుంబాల చందాలే ఆధారం. బర్జిన్‌స్కీ విచారణలోనే ఒక బ్యాంకు నడిపి జనం పొదుపు సొమ్ముతో నిర్మాణాలు సాగించారు. ఆయన పోయాక ఆ అప్పుల భారం బయటపడింది. ఆయన దక్షతను మెచ్చుకునేవారు ఈ సంగతిని దాటవేయడం నాకు న్యాయంగా తోచదు.

ఇక రెండో గుడి. దాని పేరు పరిశుద్ధ త్రిత్వ గుడి. జనం పట్టక 1870ల ఆరంభంలో దానిని కట్టారు గాని, అది స్వతంత్ర విచారణా, స్తనిస్లాస్ గుడికి అనుబంధమా అన్న వివాదం రెండు దశాబ్దాలు నడిచింది. 1861 నాటి ఇలినాయ్ చట్టం ప్రకారం గుడి ఆస్తులు మేత్రానుల (బిషప్పుల) పేరిట ఉండాలి; కట్టుకున్నది మేము, దస్తావేజు వేరొకరి పేరిటనా అన్నది త్రిత్వ గుడి వారి ప్రశ్న. దానికి రాజకీయం తోడైంది. 1873లో ఏర్పడిన పోలిష్ రోమన్ కతోలిక సమాఖ్య మతాన్ని ముందు నిలపగా, 1880లో పుట్టిన పోలిష్ జాతీయ కూటమి దేశ విముక్తికే పెద్దపీట వేసింది. త్రిత్వ గుడి వారు ఎక్కువగా కూటమి పక్షం. గుడికి పలుమార్లు తాళాలు పడ్డాయి. చివరకు 1893లో పోపుగారి ప్రతినిధి ఫ్రాన్సెస్కో సతోల్లీ స్వయంగా వచ్చి, దానిని వేరే విచారణగా గుర్తించి, పునరుత్థాన సభకు కాక పవిత్ర సిలువ సభ గురువులకు అప్పగించడంతో గొడవ సద్దుమణిగింది. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో మాత్రం ఇలాంటి తగాదా తెగేదాకా పోయి, 1897లో ఫ్రాన్సిస్జెక్ హోదూర్ నాయకత్వంలో రోముతో సంబంధం లేని పోలిష్ జాతీయ కతోలిక సభ పుట్టింది.

మీరు చూసిన రహదారి 1960లో తెరిచిన కెన్నెడీ ఎక్స్‌ప్రెస్‌వే. గుడి దగ్గర అది వంపు తిరిగి పోతుంది. స్తనిస్లాస్ గుడి నేలమట్టం కాకుండా దారి మళ్లిన గుర్తు అదే. జంట గోపురాలలో ఒకదానికి శిఖరం లేకపోవడానికి 1964లో పడిన పిడుగు కారణం. ఇప్పుడు అక్కడ ఇంగ్లీషు, పోలిష్‌లతో పాటు స్పానిష్‌లోనూ పూజలు జరుగుతున్నాయి. పోలిష్ పాటలు వినాలని ఉంటే, మరోసారి వెళ్లినప్పుడు త్రిత్వ గుడికి వెళ్లండి. ఒకప్పుడు తాళాలు పడిన ఆ గుడే నేడు నగరంలో పోలిష్ మిషన్‌గా నడుస్తోంది.