కర్నూలు గుహల్లో అడవి గాడిద ఎముకలు దొరికాయంటే, అక్కడ ఒకప్పుడు ఎడారి ఉండేదా?

అలా అనుకోనక్కర్లేదండి. అడవి గాడిద పేరు వినగానే మనకు ఎడారి గుర్తొస్తుంది గానీ, అది గడ్డి మేసి బతికే జంతువు. మేత లేనిచోట అదీ ఉండదు.

జియాలజీ చదివే రోజుల్లో మమ్మల్ని బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్లారు. పైకప్పు కూలిపోయి ఆకాశం కనిపించే సున్నపురాయి సందులు, వాటి గోడల్లో గుహలు. దారిలో వంక దాటుతుంటే నాకొక పెద్ద పన్ను దొరికింది. అంతకు ముందురోజే క్లాసులో గాడిద పళ్ల గురించి చెప్పి ఉన్నారు, ఇక నా హడావిడి చూడాలి! మా సార్ దాన్ని తిప్పి చూసి, "వేరు వైపు నాలుకకు ఆనించు, అంటుకుంటుందేమో చూద్దాం" అన్నారు. బాగా పాతబడ్డ ఎముకలో జీవపదార్థం పోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. అందుకే తడి నాలుకకు పట్టేస్తుంది. నాది పట్టలేదు. "ఏ పోయినేడో చచ్చిన ఊరి గాడిదదిరా" అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సంతా నన్ను ఏమని పిలిచిందో చెప్పక్కర్లేదు.

అసలైన ఎముకలను 1880ల్లో ఈ గుహల్లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వి తీశారు. వాటిని పరిశీలించి 1886లో శిలాజాల నిపుణుడు రిచర్డ్ లైడెక్కర్ వేసిన జాబితాలో గాడిద జాతి జంతువు ఉంది. కానీ దాని పక్కన ఇంకేమున్నాయో చూడండి: ఖడ్గమృగం (దానికి కర్నూలు పేరే పెట్టాడు), పులి, హైనా, ఎలుగుబంటి, అడవిపంది, ఏదుపంది. ఖడ్గమృగానికి నీళ్లూ బురదా కావాలి. పులికి దాక్కోవడానికి పొదలు కావాలి. వీటన్నిటినీ సాకే చోటు ఎడారి ఎలా అవుతుంది? అయితే ఇవన్నీ ఒకే కాలంలో బతికాయని కూడా లేదు, గుహలో మట్టి వేల ఏళ్లపాటు పొరలు పొరలుగా పేరుకుంటుంది. పైగా ఎముకల్ని గుహలోకి చేర్చేది చాలాసార్లు హైనాలు, ఏదుపందులు. ఏదుపందికి ఎముకలు కొరికే అలవాటు, ఎక్కడెక్కడివో నెలవుకు లాక్కొస్తుంది. గాడిద కింద మైదానంలో మేస్తే, దాని కాలి ఎముక కొండ గుహలో తేలొచ్చు.

ఎముక దొరికిన చోటు, జంతువు మేసిన చోటు ఒకటే కావని నాకు బాగా ఎక్కింది గుజరాత్‌లో. ఉద్యోగం మీద మూడేళ్లు అక్కడున్నాను. సెలవు దొరికితే లిటిల్ రణ్ ఆఫ్ కచ్‌కి వెళ్లేవాణ్ణి. ఘుడ్‌ఖర్ అని వాళ్లు పిలిచే మన దేశపు అడవి గాడిదకు మిగిలిన నెలవు అదీ, దాని చుట్టుపక్కలా. ఎండాకాలంలో రణ్ అంతా పగుళ్లిచ్చిన ఉప్పు నేల, గడ్డిపోచ కూడా ఉండదు. అవి దాని మీద పరిగెడతాయి గానీ మేసేది అంచుల్లో, 'బెట్' అనే మెరక దిబ్బల మీద. వానాకాలం రణ్ నీళ్లతో నిండితే ఆ దిబ్బలే దిక్కు. రాత్రిళ్లు పక్క ఊళ్ల జీలకర్ర చేలల్లో పడి మేస్తాయి, రైతులు కాపలా కాయాల్సిందే. అక్కడ ఉప్పు మట్టిలో కూరుకుపోయిన గాడిద ఎముక పదివేల ఏళ్ల తర్వాత ఎవరికైనా దొరికితే, ఇది ఉప్పు నాకి బతికిందని రాసేస్తారేమో! ఒకప్పుడు వాయవ్య భారతం, సింధ్, బలూచిస్తాన్ దాకా తిరిగిన జంతువది. రణ్‌ను ఏరికోరి ఎంచుకుందని నేననుకోను, మిగతాచోట్ల మనం ఉండనివ్వలేదు. 1960ల్లో సర్రా అనే రోగం కూడా తగిలి ఆ దశాబ్దం చివరికి 360 చిల్లరకు పడిపోయాయి. 2024 లెక్కలో 7,672 తేలాయి.

మరి అప్పటి వాతావరణం తెలిసేదెలా? పంటి పింగాణీలోని కార్బన్ చూస్తే ఆ జంతువు ఎక్కువగా ఎండ నేలల గడ్డి తిన్నదా, చెట్ల ఆకులు తిన్నదా తెలుస్తుంది. ఆక్సిజన్ చూస్తే తాగిన నీటి సంగతి, అంటే వానల సంగతి కొంత పట్టుబడుతుంది. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు మన ఋతుపవనాలు బలహీనపడ్డాయి. అలాంటి కాలాల్లో దక్కనులో అడవి పలచబడి గడ్డి మైదానాలు పెరుగుతాయి, గాడిదకు కావలసింది అదే. ఆంధ్రలో బయలు నేలలు ఉండేవనడానికి ఇంకో సాక్ష్యం కావాలంటే, 2024లో ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిన వార్త వెతికి చదవండి. నిప్పుకోడి కూడా దట్టమైన అడవి పక్షి కాదు.

బిల్లసర్గం తవ్వకాల మీద 2014లో వచ్చిన ఒక పరిశోధన నాకు బాగా నచ్చింది. గత రెండు లక్షల ఏళ్లలో అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 ఈ ఉపఖండంలో ఇప్పటికీ ఉన్నాయని తేలింది. వాతావరణం అన్నిసార్లు మారినా, ఒకచోట బతుకు కుదరకపోతే పక్కచోటికి జరిగాయన్నమాట. అలా జరగడానికి అప్పుడు దారులున్నాయి.

మీరెప్పుడైనా బిల్లసర్గం వెళ్తే టార్చి తీసుకెళ్లండి. పన్నో ఎముకో కనిపిస్తే ఫొటో తీసి అక్కడే వదిలేయండి, కదిపితే అది ఏ పొరలోదో ఇక తెలీదు. నాలుక పరీక్ష మాత్రం వద్దు. లోపలంతా గబ్బిలాలు.