షెడ్డు ఆయనది, అడగాల్సింది ఆయన్నే

బోడుప్పల్ నుంచి రాసిన చెల్లెమ్మకి,

మీ ఉత్తరం చదివాక నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు, మీ చుట్టూ చేరి పాజిటివ్‌గా ఉండు పాజిటివ్‌గా ఉండు అని వీడియోలు పంపుతున్నవాళ్ల మీద. మీ వారికి పక్షవాతం వచ్చి పదకొండు నెలలు, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయాయి, మాట ఒకటీ అరా తప్ప రావట్లేదు, పొద్దున్నే లేచి ఆయనకి స్నానం చేయించి టిఫిన్ తినిపించి బాబుని కాలేజీకి పంపించి మీరు స్కూలుకి పరిగెడుతున్నారు, రాత్రి బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడుస్తున్నారు. మళ్లీ నన్ను అడుగుతున్నారు, మెంటల్‌గా స్ట్రాంగ్ అవ్వాలంటే ఏం చేయాలి మేడం అని. దానికి నేను జవాబు చెప్పను. ఇంత మోస్తూ కూడా మీకు ఏడుపు రాకపోతే అప్పుడు నేను కంగారుపడేదాన్ని. ఏడుపొస్తే ఏడవండి, ట్యాప్ కట్టేసే ఏడవండి.

అసలు విషయం మీరు మధ్యలో ఒక్క లైన్‌లో రాసేసి ముందుకెళ్లిపోయారు. హబ్సిగూడలో ఆయన నడిపిన మెకానిక్ షెడ్డుని సామాన్లతో సహా అమ్మేద్దామని మీ అన్నయ్య బేరం మాట్లాడారు, ఆదివారం కొనే పార్టీ వస్తోంది, మీ వారికి మాత్రం చెప్పలేదు, చెప్తే తట్టుకోలేరు అని. అదే ఉత్తరంలో ఇంకోచోట మీరే రాశారు, రోజూ పొద్దున మేకుకి వేలాడే షెడ్డు తాళంచెవి వైపు ఎడమ చెయ్యి చూపిస్తారు, మీరు "తర్వాత వెళ్దాంలెండి" అని దుప్పటి సర్దుతారు, ఆయన గోడవైపు తిరిగి పడుకుంటారు అని. ఆయన రోజూ మిమ్మల్ని అడుగుతున్నారమ్మా! మీరు రోజూ మాట దాటేస్తున్నారు.

కుడివైపు పడిపోయి మాట కూడా పోయిందంటే మామూలుగా మెదడులో ఎడమవైపు దెబ్బతిన్నట్టు. మాట పలకలేనంత మాత్రాన అవతలివాళ్లు చెప్పేది అర్థం కావట్లేదని కాదు. కొంతమందికి అర్థం చేసుకోవడం కూడా కష్టమవుతుంది నిజమే, కానీ కరెంటు బిల్లొస్తే ఎంత అని చేత్తో అడిగే మనిషికి పక్కగదిలో మీరూ అన్నయ్యా గుసగుసలాడుకుంటే తెలీదా? ఇరవై ఏళ్లు ఆ షెడ్డు మీదే ఇల్లు నడిపిన మనిషి, ఆయన్ని పక్కనబెట్టి ఆయన సొమ్ముకి బేరం పెట్టడం నాకు మాత్రం మింగుడుపడట్లేదు, ఎంత ప్రేమతో చేసినా సరే. మీ అన్నయ్య మంచివారే, మీకోసమే తిరుగుతున్నారు, కానీ కష్టంలో మీకు తోడుండాల్సింది మీ ఆయన, ఆ తోడుని మీరే దూరం చేసుకుని ఒంటరిగా ధైర్యం తెచ్చుకోవాలని చూస్తున్నారు. ఎక్కడినుంచి వస్తుంది?

మాట్లాడండి. టీవీ కట్టేసి, ఆయన పొద్దున ఫ్రెష్‌గా ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని. ఒకసారికి ఒక విషయమే. ఎంత అప్పుంది, ఫిజియోకి ఎంత అవుతోంది కాగితం మీద అంకెలు రాసి చూపించండి. అవును కాదు అని చెప్పగలిగేలా అడగండి, అమ్మేద్దామా, ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడికి నడపమని ఇద్దామా, తల ఊపినా చాలు, జవాబుకి టైం ఇవ్వండి, ఆయన బదులు మీరు పూర్తి చేయకండి. పెన్ను ఇచ్చి రాయమనకండి, ఈ జబ్బులో రాయడం కూడా పోతుంది చాలామందికి. కోపమొస్తుంది ఆయనకి, ఏడుస్తారు కూడా. ఏడవనివ్వండి, పక్కనే ఉండండి.

ఇంకోటి, ఆయన అలా గోడవైపు తిరిగి పడుకోవడం, తిండి తగ్గించడం మొండితనం అనుకోకండి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి, ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు బీపీ షుగరుతో పాటు ఇది కూడా చెప్పండి, స్పీచ్ థెరపీ ఎందుకు ఆపేశారో కూడా అడగండి. మీకు మరీ భారంగా అనిపించిన రాత్రి 14416కి చేయండి, టెలీమానస్ అని గవర్నమెంటుదే, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది. ఆయనకి వైకల్యం సర్టిఫికెట్ (ఇదివరకు సదరం అనేవాళ్లు, ఇప్పుడు యూడీఐడీ కార్డు) తీసుకోకపోతే దరఖాస్తు పెట్టించండి, పెన్షన్‌కైనా బస్సు పాసుకైనా అదే అడుగుతారు.

అన్నయ్యకి మాత్రం ఇవాళే ఫోన్ చేయండి. బావతో మాట్లాడేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోవద్దని చెప్పండి. "నీకెందుకమ్మా, నేను చూసుకుంటాగా" అంటారు. అన్నా సరే, ఆదివారం ఆ పార్టీని రానివ్వకండి.