హార్డ్ డిస్క్ మారిస్తే విండోస్ లైసెన్స్ పోతుందా?

ప్రశ్న: మా లాప్‌టాప్ ఆరేళ్ల కిందట కొన్నాం, విండోస్ హోమ్ దాంతోనే వచ్చింది. ఈమధ్య ఆన్ అవ్వడానికే బోలెడు టైమ్ పడుతోంది. హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ (అంతకన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయిద్దామని షాపుకెళ్తే "డిస్క్ మారిస్తే ఒరిజినల్ విండోస్ పోతుందమ్మా, కొత్త కీ కొనాలి, లేదంటే ప్రో వేసిస్తాం, కీ అక్కర్లేదు" అన్నారు. మా పాప బీటెక్ ప్రాజెక్టంతా అందులోనే ఉంది. నిజంగానే లైసెన్స్ పోతుందాండి?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పోదండి. కీ, అంటే విండోస్‌ని యాక్టివేట్ చేసే కోడ్, దానికోసం ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కంపెనీ లాప్‌టాప్‌లకి కీని మదర్‌బోర్డు మీదుండే బయోస్ చిప్‌లోనే పెట్టి పంపిస్తున్నారు, అందుకే విండోస్ 7 రోజుల్లోలా అడుగున కీ ఉన్న స్టిక్కర్ ఇప్పుడు కనబడదు. పైగా విండోస్ 10 నుంచి మీ మెషీన్ వివరాలు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో డిజిటల్ లైసెన్స్‌గా ఉంటాయి, అందులో ముఖ్యంగా చూసేది మదర్‌బోర్డునే. డిస్క్ ఒక్కటి మారినంత మాత్రాన దాన్ని వేరే కంప్యూటర్ అనుకోదు.

పాత డిస్క్ పనిచేస్తుండగానే కొన్ని పనులు చేసుకోండి. ముందు ప్రాజెక్ట్ ఫైళ్లు వేరే పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేయండి, మిగతావన్నీ దీని తర్వాతే. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి హోమా, ప్రోనా, హోమ్ సింగిల్ లాంగ్వేజా అన్నది ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి, మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లలో ఈ సింగిల్ లాంగ్వేజ్ చాలా వాటిలో ఉంటుంది. అక్కడే లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ అయ్యిందో లేదో కూడా తెలుస్తుంది, అవ్వకపోతే లాగిన్ అయ్యి లింక్ చేసేయండి.

ఇంకోటి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త లాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకి తాళం లాంటిది) ఆన్ అయ్యుండొచ్చు, అప్పుడు పాత డిస్క్‌ని బయటికి తీసి వేరే సిస్టమ్‌కి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

ఇక మార్చడం. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీకి క్లోన్ చేయమంటే విండోస్, ఫైళ్లు, యాక్టివేషన్ అన్నీ వచ్చేస్తాయి. ఆరేళ్ల చెత్త కూడా దాంతోపాటే వస్తుంది కాబట్టి నేనైతే ఫ్రెష్‌గా వేయించుకోమనే చెప్తాను. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే మీడియా క్రియేషన్ టూల్ ఉచితం, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంటే చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే "నా దగ్గర కీ లేదు" అన్నది నొక్కి మీరు రాసుకున్న ఎడిషనే ఎంచుకోండి, చాలాసార్లు బయోస్‌లో కీ చూసుకుని అదే తీసేసుకుంటుంది, మనల్ని అడగను కూడా అడగదు. నెట్ కలిపాక యాక్టివేట్ అయిపోతుంది. కాకపోతే అదే యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, హార్డ్‌వేర్ ఈమధ్యే మార్చానన్న ఆప్షన్ ఎంచుకుని, లింక్ చేసిన అకౌంట్‌తో లాగిన్ అవ్వండి.

షాపువాళ్ల ప్రో మాత్రం వద్దే వద్దండి. మీ బోర్డులో ఉన్నది హోమ్ లైసెన్స్, అది ప్రోని యాక్టివేట్ చేయదు, అందుకని వాళ్లు క్రాక్ (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్) వేస్తారు, క్రాక్ నడవాలంటే యాంటీవైరస్ ఆపేస్తారు, ఆ తర్వాత అదే సిస్టమ్‌లో మీరు బ్యాంక్ పాస్‌వర్డ్ కొడతారు. డబ్బు పెట్టి కొనుక్కున్న అసలు లైసెన్స్ బోర్డులో భద్రంగా ఉండగా పైన దొంగది వేయించుకోవడం ఎందుకు! ఇదివరకే అలా వేయించుకున్నవాళ్లుంటే, ఫైళ్లు బ్యాకప్ తీసి హోమ్ మళ్లీ ఫ్రెష్‌గా వేసుకుంటే అసలు లైసెన్స్ తిరిగి పనిచేస్తుంది.

లాప్‌టాప్‌తో ఆఫీస్ కూడా వచ్చుంటే అది బోర్డుకి కాదు, మొదట వాడిన మెయిల్ ఐడీకి కట్టుబడి ఉంటుంది. కొన్నరోజు షాపులోనే ఏదో మెయిల్ క్రియేట్ చేసి ఇచ్చుంటారు, దాని పాస్‌వర్డ్ ఇప్పుడే వెతికిపెట్టుకోండి. అలాగే విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మీ ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతదైతే ఎలాగూ ఫ్రెష్‌గా వేస్తున్నారు కాబట్టి 11 వేయించండి, పాత లైసెన్సే సరిపోతుంది.

ప్రశ్న: నాది అసెంబుల్డ్ డెస్క్‌టాప్. మదర్‌బోర్డే కాలిపోయింది, కొత్తది వేయిస్తున్నాను. నాక్కూడా ఇదే వర్తిస్తుందా సార్?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: లేదండి, బోర్డు మారితే విండోస్‌కి అది కొత్త కంప్యూటరే. మీరు విండోస్ విడిగా రిటైల్ ప్యాక్ కొనుంటే ఆ లైసెన్స్‌ని కొత్త బోర్డుకి మార్చుకునే హక్కుంది, అకౌంట్‌కి లింకైతే ట్రబుల్‌షూట్‌తో, లేకపోతే బిల్లుతో వచ్చిన కీ కొట్టి ప్రయత్నించండి. ఓఈఎం (ఒక్క మెషీన్‌కే కట్టుబడి ఉండే లైసెన్స్) అయితే మామూలుగా పాత బోర్డుతోనే పోయినట్టు, చాలావరకు కొత్తది కొనుక్కోవాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో మూడొందలకీ ఐదొందలకీ అమ్మే కీల జోలికెళ్లొద్దు, వాటిలో చాలా వరకు ఏదో సంస్థకిచ్చిన వాల్యూమ్ కీలు, ఇవాళ యాక్టివేట్ అయినా తర్వాత ఎప్పుడైనా బ్లాక్ కావచ్చు.